ఓడరేవును పట్టిన కలక

1941వ సంవత్సరము జూన్ నెల 21వ తేదీన విశాఖపట్టణమున బాబూ రాజేంద్రప్రసాదుగారు ఒక శంకుస్థాపన చేసిరి. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ తలపెట్టిన ఓడల కర్మాగారమునకు అది పునాదిరాయి. అప్పటికి విశాఖ రేవు వయస్సు ఎనిమిదేండ్లు మాత్రమే. 1933 అక్టోబరులో 'జలదుర్గ' యను ఓడ క్రొత్త రేవులో ప్రవేశించుటతో దాని చరిత్ర మొదలైనది. మఱుసటి సంవత్సరము, అనగా 1942 ఏప్రిల్ 6న, జపాను విమానములు పట్టణముపై బాంబులు వేసినవి. అయినను కర్మాగారము నిలిచినది. 1948 మార్చి 14న 'జలఉష' యను ఓడను నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. ఇదంతయు విశాఖవాసులకు కంఠస్థమే.

కాని అదే 1941లో ఈ భూగోళముపై మఱి రెండు తావుల రెండు సంగతులు జరిగినవి. ఒకటి హవాయి ద్వీపములలో, మఱియొకటి ఆస్ట్రేలియాలో. రెండును కంటికి సంబంధించినవే. రెంటికిని మూలము వైరసే. ఆనాడు ప్రపంచమంతయు యుద్ధవార్తలకు చెవియొగ్గి యుండుటచేత వీనిని గమనించినవారు తక్కువ. వీనిలో మొదటిది ఓడల కర్మాగారములకు సంబంధించిన కథ గనుక విశాఖవారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది.

ముందుగా కలక యననేమో చూతము. కలగిన నీరు కలక. బురద కదలిన చెఱువు ఎట్లుండునో, తెల్లగ్రుడ్డు ఎఱ్ఱబారి, నీరు కారి, పుసికట్టిన కన్ను అట్లుండును. మనవారు పెట్టిన ఈ పేరులో చూపు కూడ మసకబారునన్న సూచన యున్నది. వానలు పడి గాలిలో తేమ పెరిగిన దినములలో ఇది ఇల్లిల్లును చుట్టివచ్చును. పసుపునీట ముంచిన గుడ్డతో కన్నులు తుడుచుట, నందివర్ధనపు పూలను రెప్పలపై పెట్టుకొనుట, చనుబాలు పిండుట, కలికము వేయుట అమ్మమ్మల నాటినుండియు ఉన్న ఉపచారములు. చల్లని పువ్వు రెప్పపై నుంచినందువలన హాని లేదు. కాని ఒకే పసుపుగుడ్డతో నలుగురు పిల్లల కన్నులు తుడుచుట, ఒకే కలికపు పుల్లను ఇంటిల్లిపాదికి వాడుట మాత్రము కలకను చేతితో పంచిపెట్టుటయే.

ఇక కలక కన్నులవానిని చూచినంతనే మనకు అంటుకొనునన్న నమ్మకము. ఇది నేటికిని పోలేదు. చదువుకొన్నవారు సైతము ఎదుటివాని కన్నులు ఎఱ్ఱగా నున్నచో ముఖము త్రిప్పుకొందురు. ఆ మఱుక్షణమే అతడు పట్టుకొన్న తలుపుగడియనే తామును పట్టుకొందురు. చూపువలన ఏ వ్యాధియు రాదు. రోగి పెట్టుకొనిన నల్లకళ్ళద్దములు అతనికి వెలుగు బాధను తగ్గించును గాని మనలను కాపాడవు. కలక ప్రయాణించు మార్గము వ్రేలు, తువ్వాలు, తలగడ, సబ్బుబిళ్ళ, డబ్బుకాగితము.

దక్షిణదేశమున చాలచోట్ల కలకకు 'మద్రాస్ ఐ' యని పేరు. 1918లో మద్రాసులో ఈ వైరసును కనుగొనిరని, అందుచేత ఆ పేరు వచ్చినదని పత్రికలలో తఱచు వ్రాయుచుందురు. ఇది నిలువదు. కలక తెచ్చు వైరసులలో ముఖ్యమగు అడినోవైరసును మొట్టమొదట వేఱుచేసినది 1953లో, అమెరికాలో. వాలెస్ రో యను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును పిల్లల గొంతు వెనుకనుండి తీసిన మాంసగ్రంథులలో దానిని పట్టుకొనిరి. దానికి ముప్పదియైదేండ్ల ముందు మద్రాసులో దానిని కనుగొనుటకు సాధనమే లేదు.

అయితే మద్రాసునకు అసలు ఘనత లేకపోలేదు. అక్కడి కంటి ఆసుపత్రి 1819లో ఏర్పడినది; లండను నగరములోని మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రికి పదునాలుగేండ్లు మాత్రమే చిన్నది. ఆ ఆసుపత్రి అధికారిగా నుండిన కర్క్‌ప్యాట్రిక్ అను సైనికవైద్యుడు 1920లో ఒక వ్యాసము ప్రకటించెను. కలక తగ్గిన పిదప నల్లగ్రుడ్డుపైని స్వచ్ఛమైన పొరలో చిన్నచిన్న తెల్లని మచ్చలు తేలు ఒక అంటువ్యాధిని అందు వర్ణించెను. ఆయన తరువాత రైట్ అను మఱియొక వైద్యుడు 1930లో దానినే ఇంకను వివరముగా వ్రాసెను. అంతకుముందే బొంబాయిలో హెర్బర్ట్ అను వైద్యుడు 1901లో ఇట్టి రోగులను గూర్చి వ్రాసియుండెను. వియన్నాలో ఫుక్స్ పండితుడు 1889లో చెప్పినదియు ఈ రోగమునే. వారెవ్వరికిని కారణము తెలియదు. చూచినదానిని చూచినట్లు వ్రాసిపెట్టిరి, అంతే. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువఱకు విశాఖపట్టణము మద్రాసు పాలనలోనిదే. ఇచ్చట వైద్యకళాశాలయు, కింగ్ జార్జి ఆసుపత్రియు 1923లో నెలకొన్నవి. ఈ తీరపు కంటివైద్యులకు మద్రాసు వ్రాతలే పాఠములు.

ఇప్పుడు హవాయికి పోదము.

పెర్ల్ హార్బరు అనగానే 1941 డిసెంబరు 7వ తేదీ జ్ఞప్తికి వచ్చును. కాని బాంబులు పడకమునుపే ఆ సంవత్సరమున అక్కడి నౌకానిర్మాణశాల పనివాండ్రలో ఒక తీవ్రమగు కలక పుట్టినది. యుద్ధపు తొందరలో వేలకొలది మనుష్యులు రాత్రింబవళ్ళు పనిచేయుచున్న కాలమది. పనివాండ్రతోడను, సామానుతోడను ఆ రోగము సముద్రము దాటి అమెరికా పడమటి తీరమునందలి కర్మాగారములకు ప్రాకినది. 'ఓడల కర్మాగారపు కన్ను' అను పేరే దానికి స్థిరపడినది. మొదట ఒక కన్ను, కొన్ని దినములకు రెండవది. చెవికి ముందువైపున చిన్న బిళ్ళ కట్టును. రెప్పలు వాచి తెఱువరాదు. రెండవ వారమునకు ఎఱుపు తగ్గుచుండగా నల్లగ్రుడ్డుపై మచ్చలు కనిపించును. మద్రాసులో కర్క్‌ప్యాట్రిక్ చూచిన మచ్చల వంటివే. మచ్చలు మధ్యకు వచ్చినవానికి దీపముల చుట్టు వలయములు కనిపించును, అక్షరములు అలుకుకొనిపోవును. నెలలకొలది, ఒక్కొక్కయెడ ఏండ్లకొలది.

ఓడలు కట్టువారికే ఇది ఏల అంతగా పట్టినది? సముద్రపు గాలియా? పొగయా? ఇనుపరజనా? విచారింపగా తేలిన సంగతి వైద్యులకు తలవంపులు తెచ్చునట్టిది. ఇనుము సానపట్టునపుడును, రేకులు కోయునపుడును, త్రుప్పు గీకునపుడును కంటిలో నలుసు పడుట ఆ వృత్తిలో నిత్యకృత్యము. నలుసు పడినవాడు కర్మాగారపు వైద్యశాలకు పోవును. అక్కడ బారులుతీరిన జనము. కంపౌండరు ఒకని రెప్పను పైకెత్తి నలుసు తీసి, అదే వ్రేళ్ళతో వెనుకనున్నవాని రెప్పను ఎత్తును. మందు వేయు గొట్టపు కొన ఒకని రెప్పవెండ్రుకలను తాకి మఱియొకని కంటికి చేరును. ఆ వరుసలో ఒక్కనికి కలక యున్న చాలును. నలుసుతో వచ్చినవాడు నలుసును పోగొట్టుకొని కలకను పట్టుకొనిపోయెను. వారమో పది దినములో గడిచినగాని రోగము బయటపడదు గనుక ఎక్కడ అంటినదో వానికి తోచదు. ఆ లోపల అది అతని ఇంటికిని, ప్రక్కయింటికిని ప్రాకియుండును. వైద్యశాలయే వ్యాధిని పంచు సత్రమైనది. రోగుల కన్నులు చూచిన వైద్యులకును, దాదులకును కూడ కలక తప్పలేదు.

దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1955లో సాన్‌ఫ్రాన్సిస్కోలో ఎర్నెస్ట్ జావెట్జ్ యను శాస్త్రవేత్తయు అతని బృందమును వేఱుచేసిరి. అది అడినోవైరసులలో 8వ రకము. దానికి క్రొవ్వు పొర లేదు. అందుచేత సబ్బునకు సులభముగా లొంగదు, స్పిరిటుగుడ్డతో ఒకసారి తుడిచిన చావదు, ఎండిన లోహముపైనను దినములతరబడి బ్రదికియుండును. చేతులను పాఱునీట బాగుగా రుద్ది కడిగినచో చచ్చినను చావకున్నను కొట్టుకొనిపోవును. కంటి ఒత్తిడిని కొలుచు సాధనము కూడ ఈ రోగమును మోయునని తేలిన తరువాత, ఒక రోగికి వాడినదానిని క్రిమినాశకద్రవములో నుంచక మఱియొకనికి వాడరాదను కట్టుబాటు వచ్చినది.

ఒకసారి కలక వచ్చినవానికి మరల రాదా యని చాలమంది అడుగుదురు. శరీరము తనలోనికి వచ్చిన వైరసును గుర్తుపెట్టుకొనును. దానికి సరిపోవు ప్రతిరక్షకములను తయారుచేసి, పోరు ముగిసినపిదప ఆ విద్యను మఱవని కణములను కొన్నింటిని దాచియుంచును. కంటికి ప్రత్యేకముగా మఱియొక కాపుదల కలదు, అది కన్నీరు. 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగు కన్నీటిలో బాక్టీరియాలను కరగించు లైసోజైము అను పదార్థమున్నదని చూపెను. కన్నీరు కావలసివచ్చి తోడివారి కన్నులలో నిమ్మరసము పిండెనని చెప్పుదురు. లైసోజైము బాక్టీరియాలపై పనిచేయును. వైరసులను అడ్డుకొనుటకు కన్నీటిలో వేఱొక ప్రతిరక్షకము పారుచుండును. కాని ఈ జ్ఞాపకము ఒక్కొక్క రకమునకే చెల్లును. 8వ రకమును ఎఱిగిన శరీరమునకు 37వ రకము క్రొత్త మొగము. అడినోవైరసులు ఏబదికి మించిన రకములు. అవి గాక వేఱొక జాతి వైరసులును కలక తెచ్చును. అందుచేత నిరుటి కలక ఏఁటికి రక్ష కాదు.

ఇందులో ఇంకొక చిత్రమున్నది. నల్లగ్రుడ్డుపై తేలు ఆ తెల్లమచ్చలు వైరసు స్వయముగా చేసిన గాయములు కావు. వైరసు చచ్చినపిదప మిగిలిన తునుకలను తుడిచివేయుటకు వచ్చిన మన రక్తకణములే అక్కడ గుమికూడి మచ్చలుగా కనిపించును. కాపలావాడే గుమ్మమునకు అడ్డముగా కూర్చున్నట్లు. స్టెరాయిడు చుక్కలు వేసినచో ఆ మచ్చలు త్వరలో కరగును, రోగి సంతోషించును. మానినచో మరల వచ్చును. కావున చూపునకు గట్టి అడ్డు వచ్చినపుడే, వైద్యుని కనుసన్నలలో, వానిని వాడుదురు. మందుల దుకాణములో ఎఱ్ఱకంటికి చుక్కలిమ్మని అడిగి తెచ్చుకొనుటను మేమొప్పుకొనము. ఆ ఎఱుపు కలకవలన గాక హెర్పీసు వైరసువలన వచ్చినదైనచో అవే చుక్కలు నల్లగ్రుడ్డును పుండుగా మార్చి పువ్వు వేయించును. హెర్పీసు మొండిది, ఒకసారి వచ్చి ముఖపు నాడీగ్రంథిలో దాగి, జ్వరమో అలసటయో కలిగినపుడు మరల లేచును. దానికి 1962లో హెర్బర్ట్ కాఫ్మన్ అను కంటివైద్యుడు ఐడాక్సూరిడిన్ అను మందు వాడి గుణము చూపెను. వైరసునకు మందు లేదని వైద్యలోకము నిరాశ చెందియున్న దినములవి. మొట్టమొదటి జయములలో నొకటి కంటిపై కలుగుట కంటివైద్యులకు గర్వకారణము.

ఒకసారి వచ్చిన మరల రాని వైరసునకు ఉదాహరణ మశూచి. పోలేరమ్మకు మ్రొక్కుకొనిన పల్లెలలో అమ్మవారు పోసి తగ్గినపిదప కన్ను పోయినవారు కోకొల్లలుగా నుండిరి. పొక్కులకు తోడు నల్లగ్రుడ్డు పుండుపడి, మానునపుడు తెల్లని పువ్వు మిగులును. మనదేశమున అంధత్వమునకు మశూచి పెద్ద కారణములలో నొకటి. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేండ్ల పిల్లకు మొదటి టీకా వేసిరి. ఆ సంవత్సరమే అది చెన్నపట్టణము చేరినది. 1899లో గిండీలో ఏర్పడిన కింగ్ సంస్థ దూడలనుండి టీకారసము తయారుచేసి రాజధాని జిల్లాలకు పంపుచుండెను. ఇక్కడను వ్రేలి పాత్ర కలదు: టీకా వేసిన చోట గోకుకొని అదే చేతితో కన్ను నలుపుకొనిన పిల్లలకు కంటిలోనే పొక్కు లేచెడిది. 1975 మే నెలలో అస్సాములో కనిపించిన రోగియే భారతదేశమున చివరిది. 1980లో ప్రపంచమంతటను మశూచి తొలగినదని ప్రకటించిరి. మనుమరాలికి మశూచిమచ్చ యననేమో తెలియదు. ముత్తవ్వ ముఖమున చూచియుండును.

1941 నాటి రెండవ సంగతి చెప్పెదమంటిమి గదా. ఆ సంవత్సరము అక్టోబరు 15న మెల్‌బోర్న్ నగరమున నార్మన్ గ్రెగ్ అను సిడ్నీ కంటివైద్యుడు ఒక వ్యాసము చదివెను. పుట్టుకతోనే కంట శుక్లములున్న పసిపిల్లలు తన యొద్దకు అసాధారణముగా వచ్చుచుండుట ఆయనను కలవరపెట్టినది. వేచియుండు గదిలో ఇద్దరు తల్లులు తమలో తాము మాటలాడుకొనుచు, కడుపుతో నున్నపుడు తమకు రుబెల్లా వచ్చినదని చెప్పుకొనుట విని ఆయనకు స్ఫురించెనని కథ. తోడి వైద్యుల రోగులను గూడ కలిపి చూడగా, 78మంది పిల్లలలో 68మంది తల్లులకు గర్భముతో నున్నపుడు ఆ జ్వరము వచ్చినట్లు తేలినది. ముందటి సంవత్సరము ఆస్ట్రేలియాలో రుబెల్లా విజృంభించియుండెను. మన ఇండ్లలో దీనికి వేఱు పేరు పెట్టక తట్టులోనే జమకట్టుట వాడుక. మూడు దినముల దద్దురు, కొద్దిపాటి జ్వరము. దానిని ఎవరు లెక్కింతురు? అట్టి చిన్నరోగము గర్భస్థశిశువు కంటిని, చెవిని, గుండెను చెఱచునని చెప్పినపుడు లండను పత్రికలు సైతము వెంటనే నమ్మలేదు. తల్లిబిడ్డల రక్తము ఎన్నడు నేర్చుకొనవలసిన పాఠమో నిర్ణయించునది టీకాయే. రుబెల్లా వైరసు 1962లో దొరికినది, టీకా 1969లో వచ్చినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో తట్టు-రుబెల్లా టీకా ఉద్యమముగా మొదలైనది 2017 ఆగస్టులో. గ్రెగ్ వ్యాసమునకు డెబ్బదియాఱేండ్ల పిదప! ఈ ఆలస్యములో ఎందఱు పసివారి కన్నులు పోయినవో తలచుకొనిన మనస్సు చివుక్కుమనును.

తట్టు ప్రసక్తి వచ్చినది గనుక ఒకమాట. తిండి చాలని పిల్లకు తట్టు వచ్చినచో ఒంటిలో మిగిలిన కొద్ది ఏ విటమినును హరించుకొనిపోవును. మొదట రేచీకటి, పిదప నల్లగ్రుడ్డు కరగుట. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ పరిశోధనల ఆధారమున, ఆఱు నెలలకొకసారి పిల్లల నోటిలో ఏ విటమిను ద్రావకము పోయు పథకము 1970లో దేశమున మొదలైనది.

మరల రేవునకు వత్తము. 1969లో ఆఫ్రికాలోని ఘనాదేశమున ఒక క్రొత్త కలక పుట్టినది. అపోలో 11 చంద్రునిపై దిగిన దినములవి గనుక జనులు దానికి అపోలో పేరు పెట్టిరి; చంద్రునినుండి ఆ నౌకయే తెచ్చినదని కొందఱు నమ్మిరి కూడ. ఇది పాతదానివలె వారము పది దినములు పొంచియుండదు. ఒకటి రెండు దినములలో పైబడును, తెల్లగ్రుడ్డు నెత్తురు చిందినట్లగును, వారములో వదలును. 1970లో జావాకు, 1971లో మనదేశమునకు వచ్చినది. అది బంగ్లాదేశ్ యుద్ధపు సంవత్సరము. శరణార్థులతో నిండిన కలకత్తాలో దానిని 'జయ్ బంగ్లా' యని పిలిచిరి. బొంబాయిలో కొందఱికి కలక తగ్గినపిదప కాలుసేతులు పడిపోవుటను వైద్యులు గమనించిరి. అంతటి కష్టము బహు అరుదు. దీని వైరసును జపానులో వేఱుచేసి 70వ సంఖ్యగల ఎంటెరోవైరసు అనిరి. ఓడలు, రైళ్ళు, శిబిరములు. మనుష్యులు ఒకరి తువ్వాలు ఒకరు వాడుకొనవలసిన ఇరుకు ఎక్కడ నున్నదో అక్కడికెల్ల అది పోయినది. 2023 వానకాలమున తెలుగునాట బడులలోను, వసతిగృహములలోను పిల్లల కన్నులు ఎఱ్ఱబడినది మనమందఱము చూచినదే.

కలక వచ్చిన సంవత్సరముననే, 1971 జనవరి 20న, విశాఖ ఉక్కు కర్మాగారమునకు ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసిరి. 1966 నాటి ఉద్యమమున ప్రాణములర్పించినవారి ఫలమది; 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావుగారు దానిని జాతికి అంకితము చేసిరి. ఉక్కు, ఓడ, రేవు మూడును ఒకేచోట నున్న పట్టణమున నలుసు పడని దినముండదు. తోడివాడు జేబురుమాలు కొనను నాలుకతో తడిపి, లేదా అగ్గిపుల్లకు దూది చుట్టి, నలుసు తీయు అలవాటు చిన్న వర్క్‌షాపులలో నేటికిని కలదు. హవాయి వైద్యశాలలో జరిగినది అదే. ఇక్కడ కంపౌండరు లేడు, అంతే భేదము. వెల్డింగు వెలుగును కళ్ళద్దము లేక చూచినవానికి రాత్రివేళ కంటిలో ఇసుక పోసినట్లు మంట లేచును. అది కలక కాదు, అంటదు, వెలుగువలన కాలిన గాయము. కలక యనుకొని ఇంటిలోనివారి చుక్కలమందు వాడుట తగదు. పట్టణమున వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి కలదు. హనుమంతవాక వద్ద ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ ప్రాంగణము 2006లో వెలసినది. కలకతో పోవువారు గుమ్మముకడనే ఆ మాట చెప్పినచో మిగిలిన రోగుల వరుసలో కూర్చుండనీయక ముందుగా చూచి పంపుటకు వీలుండును.

కంటి కలకకు ఇంతవఱకు టీకా లేదు. అడినోవైరసులకు టీకాయే లేదనుట మాత్రము సరికాదు. అమెరికా సైన్యమున క్రొత్తగా చేరినవారికి 4, 7 రకములకు బిళ్ళల రూపమున టీకా నిచ్చుచున్నారు. అది ఊపిరితిత్తుల జ్వరమునకు. ఓడల కర్మాగారములను పట్టిన 8వ రకము ఆ బిళ్ళలలో లేదు.